ముందు దారి, నీరు, కాలువ – ఆ తర్వాతే అంతస్తులు!

కొంపల్లి కాలనీల నివాసులకు విజ్ఞప్తి

సుచిత్ర నుంచి కండ్లకోయ దాకా, ఇటు దూలపల్లి, బహదూర్‌పల్లి, అటు జీడిమెట్ల, గుండ్లపోచంపల్లి దాకా ఉన్న కాలనీల అన్నలారా, అక్కలారా, పెద్దలారా!

మనలో చాలామందిమి ఈ పక్కకు వచ్చిందే సొంతిల్లు కోసం. ఊళ్లో ఎకరమో అరెకరమో అమ్ముకుని వచ్చినవాళ్లున్నారు. ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెట్టినవాళ్లున్నారు. రిటైర్మెంటు డబ్బు మొత్తం ఇటుకల్లో, సిమెంటులో పోసినవాళ్లున్నారు. 150 గజాలో 200 గజాలో కొనేముందు లేఅవుట్ కాగితం పరిచి, రోడ్డు ఎంత వెడల్పు, పార్కు ఎక్కడ, పక్క ప్లాటు ఎన్ని గజాలు అని వేలు పెట్టి చూసుకున్నాం. ఆ కాగితాన్ని నమ్మి కొన్నాం.

ఆ లేఅవుట్ వేసినప్పుడు రోడ్డు, డ్రైనేజీ పైపు, ట్రాన్స్‌ఫార్మర్, మంచినీళ్ల లైను, అన్నీ రెండంతస్తుల ఇళ్ల లెక్కకే వేశారు. ఇప్పుడు అదే రోడ్డు చివర, అదే పైపు మీద పదిహేను, ఇరవై అంతస్తుల టవర్లకు గోతులు తవ్వుతున్నారు. రోడ్డు వెడల్పు కాలేదు. పైపు మారలేదు. వచ్చే జనం మాత్రం దాదాపు ఎనిమిది రెట్లు.

మేము చెప్పే మాట ఒక్కటే. ఇండిపెండెంట్ ఇళ్ల పక్కన హైరైజ్ లేవాలంటే ముందు దారి, నీరు, మురుగు కాలువ సిద్ధంగా ఉండాలి. అవి సరిపోతాయో లేదో అక్కడ ఉంటున్న మనల్ని కూడా అడగాలి. ఆ తర్వాతే అనుమతి ఇవ్వాలి.

లెక్క వేసి చూడండి

ఐదెకరాల స్థలం తీసుకోండి. రోడ్లకు, పార్కుకు పోగా అందులో 200 గజాల ప్లాట్లు 65 దాకా వస్తాయి. ఇంటికి నలుగురి చొప్పున 260 మంది. అదే ఐదెకరాల్లో టవర్లు లేపితే 500 ఫ్లాట్లు తేలిగ్గా వస్తాయి. నలుగురి చొప్పున 2,000 మంది.

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలన్నది కేంద్రం పెట్టిన కొలమానం. ఆ లెక్కన 65 ఇళ్లకు రోజుకు 35,100 లీటర్లు. 500 ఫ్లాట్లకు 2,70,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు 54. వాడిన నీళ్లలో 80 శాతం మురుగుగా బయటికొస్తుంది కాబట్టి రోజూ 2,16,000 లీటర్ల మురుగు. ఇంటికొక కారే అనుకున్నా 500 కార్లు. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర లోపు అందులో సగం బయటికొచ్చినా ఇరవై రెండు సెకన్లకొక కారు మన కాలనీ మలుపు తిరుగుతుంది.

ఇది ఒక్క ప్రాజెక్టు లెక్క. మీ కాలనీ చుట్టూ ఎన్ని బోర్డులు పాతారో మీకే తెలుసు.

ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి ఎన్నో మైళ్లు పైపుల్లో ప్రయాణించి మన నగరం చేరుతున్నాయి. అవి చాలని చోట బోరే దిక్కు. ఎండాకాలం తెల్లవారుజామున ఐదింటికి లేచి చూడండి. ట్యాంకరు కాలనీ గేటు దగ్గర ఆగుతుంది. పైపు విప్పి సంపులో వేస్తారు. ఇంటాయన సంపు మూత పక్కన నిలబడి, ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా కదలడు. ఆ వెనకే ఇంకో ట్యాంకరు హారన్ కొడుతుంటుంది. పక్కన లోతుగా సెల్లార్ తవ్వి, ఊరే నీటిని రాత్రీ పగలూ మోటార్లతో తోడి నాలాలో పోస్తుంటే, ఆ ఇంటాయన బోరు ఎండకుండా ఎలా ఉంటుంది?

టేపు పట్టుకుని కొలవండి

2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 మన భవన నిర్మాణ నియమావళి. అందులో రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు ఎంత ఉండాలో పట్టిక ఉంది. హైరైజ్‌కు కనీసం 40 అడుగుల రోడ్డు కావాలి. 50 మీటర్ల ఎత్తు దాటాలంటే 100 అడుగుల రోడ్డు కావాలి. కాగితం మీద ఇది బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు టేపు తీసుకుని మీ 40 అడుగుల రోడ్డు మీదికి రండి. ఒక పక్క ఇళ్ల ర్యాంపులు, మూత లేని కాలువ, కరెంటు స్తంభాలు. ఇంకో పక్క వరసగా నిలిపిన కార్లు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఇసుక కుప్ప. నడుమ మిగిలిన తారు కొలవండి. పాతికడుగులు మిగిలితే అదృష్టం. అందులో స్కూలు బస్సు, నీళ్ల ట్యాంకరు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. రేపు పదిహేనో అంతస్తులో మంట లేస్తే నిచ్చెన ఉన్న ఫైరింజను ఈ రోడ్డులో ఎలా తిరుగుతుంది? ఆ టవర్లో ఉండబోయే తల్లిదండ్రులు కూడా అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇంకొకటి చూడండి. ప్లానులో చూపిన 40 అడుగులు ఇవాళ నేల మీద ఉన్నవా, ఎప్పుడో వెడల్పు చేస్తామని గీసినవా? స్థలం ముందు మాత్రమే 40 ఉండి, హైవే చేరేలోపు 25కు కుంచించుకుపోతోందా? నీళ్ల గొట్టం ఎక్కడ సన్నబడితే అక్కడి నుంచి అంతే నీరు పారుతుంది. రోడ్డు సంగతీ అంతే. అనుమతి ఇచ్చే అధికారి స్థలం ముందున్న నాలుగు గజాలు కొలిస్తే చాలదు. హైవే దాకా మొత్తం దారి కొలవాలి.

ఎఫ్‌ఎస్‌ఐకి పరిమితి లేని నగరం

స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పేదే ఎఫ్‌ఎస్‌ఐ. చెన్నైలో, బెంగళూరులో, ముంబైలో దానికి పరిమితి ఉంది. హైదరాబాద్‌లో 2006 మార్చి 3 నాటి జీవో 86తో ఆ పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్, ఈ రెండే ప్రధానంగా ఎత్తును నిర్ణయిస్తాయి. దానికి తోడు టీడీఆర్ సర్టిఫికెట్లు కొనుక్కొస్తే అదనపు అంతస్తులు. నగరంలో ఎక్కడో రోడ్డుకు పోయిన స్థలానికి బదులుగా వచ్చిన హక్కు మన గల్లీలో అంతస్తు రూపంలో తేలుతుంది. అక్కడి రోడ్డు వెడల్పయింది, ఇక్కడి రోడ్డు ఇరుకైంది.

ఒక ఎకరంలో ఎన్ని కుటుంబాలు ఉండొచ్చు, అందుకు ఆ ప్రాంతంలో నీరు, మురుగు, బడి సరిపోతాయా అన్న ప్రశ్న ఈ పద్ధతిలో ఎక్కడా రాదు. మన గొడవంతా అక్కడే మొదలైంది.

మనల్ని ఎవరు అడిగారు?

2020లో వచ్చిన బీపాస్ చట్టం ప్రకారం పెద్ద భవనాలకు సింగిల్ విండోలో 21 రోజుల్లో అనుమతి ఇవ్వాలి. గడువు దాటితే ఇచ్చినట్టే లెక్క. లంచాలు తగ్గాలి, ఆలస్యం పోవాలి అన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆ 21 రోజుల్లో పక్కింటివాళ్లకు నోటీసు ఇవ్వాలని, వాళ్ల మాట వినాలని ఎక్కడా లేదు. ఇంగ్లండులో పద్ధతి చూడండి. అక్కడ పెద్ద నిర్మాణానికి దరఖాస్తు పడితే చుట్టుపక్కల వాళ్లకు తెలియజేసి, అభ్యంతరాలు చెప్పడానికి కనీసం 21 రోజులు ఇవ్వాలి. అక్కడి 21 రోజులు ఇరుగుపొరుగు మాట వినడానికి, ఇక్కడి 21 రోజులు వినకుండానే అనుమతి ఇవ్వడానికి.

పర్యావరణ అనుమతి సంగతీ అంతే. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు అనుమతి తప్పనిసరి. గనికో, ఫ్యాక్టరీకో అయితే ఊళ్లో షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతారు. భవన నిర్మాణాలకు మాత్రం ఆ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. 2,000 మంది వచ్చి చేరే చోట, ఇప్పటికే ఉన్నవాళ్లను అడగనవసరం లేదట!

పైగా మన మాట వినే మనిషి కూడా దూరమయ్యాడు. పంచాయతీగా ఉన్నప్పుడు సర్పంచి ఇంటికి నడిచి వెళ్లేవాళ్లం. 2018లో మున్సిపాలిటీ అయ్యాం. 2020 జనవరిలో తొలిసారి కౌన్సిలర్లను ఎన్నుకున్నాం. 2025 జనవరిలో ఆ పాలకవర్గం గడువు తీరింది. 2025 డిసెంబరులో ఓఆర్ఆర్ చుట్టూ ఉన్న మున్సిపాలిటీలతో పాటు మనల్నీ జీహెచ్ఎంసీలో కలిపారు. పాలన పెద్దదయ్యేకొద్దీ కొంపల్లి గల్లీ చిన్నదవుతుంది. ఇలాంటప్పుడు ఒక్కొక్కరం వెళ్లి కౌంటరు ముందు నిలబడితే ఎవరూ తలెత్తి చూడరు. కలిసి వెళ్తే చూస్తారు.

2020 అక్టోబరును మరిచిపోవద్దు

2020 అక్టోబరు 13 రాత్రి నగరమంతా కుండపోత. మన ఫాక్స్‌సాగర్ చెరువు నిండింది. ఉమామహేశ్వర కాలనీ నీట మునిగింది. వాన వెలిసింది గానీ నీళ్లు కదల్లేదు. వారాల తరబడి ఇళ్లలో నీళ్లు నిలిచాయి. సామాను వదిలి, పిల్లలను ఎత్తుకుని బంధువుల ఇళ్లకు, అద్దె ఇళ్లకు పోయిన కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. మంత్రులు వచ్చారు, చూశారు, వెళ్లారు. గోడ మీద నీటి మరక మాత్రం ఏళ్లపాటు అలాగే ఉండిపోయింది.

వాననీటికి దారి కావాలి, ఇంకడానికి నేల కావాలి. ఐదెకరాల ఖాళీ జాగా ఉన్నప్పుడు చాలా నీరు అక్కడే ఇంకేది. అంచు నుంచి అంచు దాకా సెల్లార్ తవ్వి, పైన స్లాబు పోస్తే ఆ నీరంతా పల్లానికి పరుగెత్తాలి. ఆ పల్లంలో ఉన్నది పాత కాలనీలే. పది హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు బఫరు వదలాలని నిబంధన చెబుతోంది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో నగరంలో ప్రతి ఇంటికీ తెలిసింది. అనుమతి కాగితం చేతిలో ఉన్నా చివరికి ఇల్లు పోగొట్టుకునేది కొన్నవాడే అని కూడా తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే బదులు, పునాది పడకముందే అడుగుదాం.

మన మీద వచ్చే మాటలకు మన జవాబు

“మీకు ఇల్లు ఉంది కదా, ఇంకొకరికి వద్దా?” అంటారు. అందరికీ ఇల్లు కావాలి. మన పిల్లల్లో చాలామంది రేపు ఫ్లాట్లలోనే ఉంటారు. టవర్లు కట్టాల్సిన చోట్లు ఉన్నాయి. హైవేకు ఆనుకుని, 100 అడుగుల రోడ్ల మీద, మెట్రో స్టేషన్ వచ్చే చోట, మురుగు శుద్ధి కేంద్రం కట్టిన చోట కట్టండి. కాలనీల మధ్య ఉన్న చోట ఆ కాలనీ మోయగలిగినంతే కట్టండి. ఐదంతస్తులకు సరిపోయే రోడ్డు మీద ఐదంతస్తులే ఉండాలి. ఫ్లాటు కొనేవాడు కూడా మన పొరుగువాడే. నీళ్లు రాని పదిహేనో అంతస్తును కోటి రూపాయలకు వాడి నెత్తిన పెట్టడం వాడికి చేసే మేలు కాదు.

“మెట్రో వస్తోంది, ఫ్లైఓవర్లు వస్తున్నాయి” అంటారు. జేబీఎస్ నుంచి మేడ్చల్‌కు 24.5 కిలోమీటర్లు, శామీర్‌పేటకు 22 కిలోమీటర్ల మెట్రోను రాష్ట్ర ప్రభుత్వం రెండో దశలో ప్రతిపాదించింది. సంతోషం. కానీ ప్రతిపాదన నుంచి రైలు దాకా ఎన్నేళ్లు పడుతుందో నాగోల్, మియాపూర్ వాళ్లను అడగండి. పారడైజ్ నుంచి వచ్చే ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చి 9న శంకుస్థాపన జరిగింది. అది డెయిరీ ఫామ్ రోడ్డు దగ్గర దిగుతుంది, మన కొంపల్లి దాకా రాదు. సుచిత్ర నుంచి ఇటు హైవే మీద కడుతున్న ఫ్లైఓవర్లు నాగపూర్ వెళ్లే లారీకి ఉపయోగం. మన గల్లీ నుంచి సర్వీస్ రోడ్డు ఎక్కే మలుపు మాత్రం మారదు. మెట్రో పేరు చెప్పి నేల ధర పెంచడం ఇవాళే మొదలైంది. మెట్రో వచ్చినప్పుడు మెట్రోకు తగిన అనుమతులు ఇవ్వండి.

“భూమి మాది, మా ఇష్టం” అనే సోదరులు మనలోనే ఉన్నారు. డెవలప్‌మెంటుకు ఇచ్చుకునే హక్కు వారిదే. దాన్ని ఎవరూ కాదనరు. కానీ మురుగు వచ్చేది వీధిలోకి, నీరు లాగేది అందరి నేలలోంచి. వారి పిల్లలు కూడా ఈ రోడ్డు మీదే బడికి పోవాలి.

ఇంకో హెచ్చరిక మనకు మనమే చేసుకుందాం. ఈ ఉద్యమంలో అద్దెకుండేవాళ్ల మీద, ఫ్లాట్లవాళ్ల మీద, సైట్లలో పనిచేసే కూలీల మీద ఒక్క చులకన మాట కూడా రాకూడదు. బీహారు నుంచి, ఒడిశా నుంచి, పాలమూరు నుంచి వచ్చి ఆ రాడ్లు కడుతున్నవాళ్లతో మనకే తగవూ లేదు. మన ప్రశ్న అనుమతి మీద సంతకం పెట్టే చేతికి.

అడిగినవాళ్లు గెలిచారు

“బిల్డర్లతో పెట్టుకుని ఎవరు గెలుస్తారు?” అని నీరసపడేవాళ్లు ఈ రెండు సంగతులు గుర్తుంచుకోండి.

నోయిడాలో ఎమరాల్డ్ కోర్ట్ అనే గృహ సముదాయం. కొనేటప్పుడు తోట అని చూపించిన చోట రెండు టవర్లు లేపారు. పాత టవరుకూ కొత్త టవరుకూ మధ్య ఉండాల్సిన కనీస దూరం లేదు, నివాసుల అంగీకారమూ తీసుకోలేదు. అక్కడి నివాసుల సంఘం 2012లో అలహాబాద్ హైకోర్టుకు వెళ్లింది. 2014లో కూల్చమని తీర్పు వచ్చింది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2022 ఆగస్టు 28న దాదాపు వంద మీటర్ల ఆ జంట టవర్లు కొన్ని సెకన్లలో కూలిపోయాయి. దేశమంతా టీవీలో చూసింది. పోరాడింది మనలాంటి ఇంటివాళ్లే. అయితే గోతి దశలో ఆగాల్సింది ముప్పై అంతస్తులు లేచాక ఆగింది. పదేళ్లు పట్టింది. మనం గోతి దగ్గరే ఆపాలి.

రెండోది చండీగఢ్. అక్కడ ఒక్కో కుటుంబానికి ఉద్దేశించిన ఇళ్లను అంతస్తులవారీగా అపార్ట్‌మెంట్లుగా మారుస్తున్నారు. నివాసుల సంఘం సుప్రీంకోర్టుకెక్కింది. 2023 జనవరి 10న జస్టిస్ గవాయి, జస్టిస్ నాగరత్నల ధర్మాసనం మొదటి దశ సెక్టార్లలో ఆ మార్పును ఆపేసింది. పట్టణాభివృద్ధికి అనుమతులిచ్చే ముందు పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేసే ఏర్పాటు ఉండాలని దేశంలోని ప్రభుత్వాలన్నిటికీ సూచించింది. చండీగఢ్‌కు ఉన్న ప్రత్యేక ప్లాను మనకు లేదు, నిజమే. కానీ ఆ సూచన మనకూ వర్తిస్తుంది.

మన డిమాండ్లు

1. ఇండిపెండెంట్ ఇళ్ల కాలనీని ఆనుకుని హైరైజ్‌కు దరఖాస్తు వస్తే, అనుమతికి ముందే కాలనీలో తెలుగులో నోటీసు అంటించాలి. అభ్యంతరాలు చెప్పడానికి 21 రోజులు ఇవ్వాలి. ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబు చెప్పాలి.

2. నీరు, మురుగు, వరద కాలువ, రోడ్డు సరిపోతాయని సంబంధిత శాఖలు కొలిచి, సంతకం పెట్టి ఇవ్వాలి. స్థలం నుంచి హైవే దాకా దారి మొత్తం కొలవాలి. నేల మీద ఉన్న వెడల్పే లెక్క, కాగితం మీది వెడల్పు చెల్లదు.

3. ఇళ్లకు ఆనుకున్న వైపు ఎత్తు మెట్లు మెట్లుగా తగ్గాలి. రెండంతస్తుల ఇంటి గోడ పక్కనే ఇరవై అంతస్తుల గోడ లేవకూడదు. కాలనీ లోపలి రోడ్లున్న చోట టీడీఆర్ అంతస్తులు ఇవ్వకూడదు.

4. ఎత్తయిన భవనాల నుంచి వసూలు చేసే సిటీ లెవల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజును విడి ఖాతాలో ఉంచి, అందులో సగం అదే ప్రాంతంలో సదుపాయాలకు ఖర్చు చేయాలని నిబంధనల్లోనే ఉంది. కొంపల్లి టవర్ల నుంచి ఎంత వచ్చింది, కొంపల్లిలో ఎంత ఖర్చయింది, బయటపెట్టాలి.

5. మురుగు శుద్ధి కేంద్రం నడుస్తోందని, ఫైరింజను తిరిగే దారి ఖాళీగా ఉందని చూశాకే నివాసయోగ్యత పత్రం (ఓసీ) ఇవ్వాలి. అప్పటిదాకా బిల్డరు తనఖా పెట్టిన 10 శాతాన్ని విడిచిపెట్టకూడదు.

6. హెచ్‌ఎండీఏ తయారు చేస్తున్న 2050 మాస్టర్ ప్లానులో మన ఇప్పటి కాలనీలను తక్కువ ఎత్తు నివాస ప్రాంతాలుగా గుర్తించాలి.

మనం చేయాల్సిన పనులు

కాలనీ అసోసియేషన్ ఉంటే ఈ ఆదివారమే సమావేశం పెట్టండి. లేకపోతే పది ఇళ్లవాళ్లు పార్కులో కూర్చోండి. చదువుకున్న పిల్లలను కూడా పిలవండి. ఫోను, కంప్యూటరు పని వాళ్లకు బాగా వచ్చు.

ముందు మీ చుట్టూ ఉన్న ప్రతి సైటు బోర్డు ఫొటో తీయండి. అనుమతి నంబరు, అంతస్తులు, రెరా నంబరు రాసుకోండి. బోర్డు లేకపోతే అదే మొదటి ఫిర్యాదు.

ఆ నంబరుతో ఆర్టీఐ దరఖాస్తు వేయండి. రుసుము పది రూపాయలు, జవాబు 30 రోజుల్లో రావాలి. మంజూరైన ప్లాను, రోడ్డు వెడల్పు నివేదిక, ఫైర్ ఎన్ఓసీ, జలమండలి ఇచ్చిన లేఖ, నీటిపారుదల శాఖ ఎన్ఓసీ, టీడీఆర్ వివరాలు అడగండి. మనకు అటు హకీంపేట, ఇటు దుండిగల్ వైమానిక స్థావరాలు ఉన్నాయి కాబట్టి ఎత్తుకు సంబంధించిన ఎన్ఓసీ కాపీ కూడా అడగండి.

పర్యావరణ అనుమతి వచ్చిన ప్రాజెక్టయితే పరివేష్ పోర్టల్‌లో ఆ ఉత్తర్వు దొరుకుతుంది. షరతులు చదవండి. ఎన్ని లీటర్ల నీరు ఎక్కడి నుంచి తెస్తామన్నారో, మురుగు ఎక్కడ కలుపుతామన్నారో అందులో ఉంటుంది. ఆ ఉత్తర్వు మీద చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణాది బెంచికి 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. అందుకే ఆలస్యం చేయవద్దు.

గేటెడ్ కమ్యూనిటీలో విల్లాలు కొన్నవాళ్లకు ఇంకో ఆయుధం ఉంది. పార్కనో క్లబ్‌హౌసనో చూపిన స్థలంలో బిల్డరు టవరు కట్టబోతే, 2016 రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం మంజూరైన ప్లాను మార్చడానికి కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అమ్మకపు ఒప్పందం, బ్రోచరు జాగ్రత్తగా దాచండి. తెలియకుండా దేనిమీదా సంతకం పెట్టకండి.

పక్కన సెల్లార్ తవ్వకం మొదలవుతుంటే, తవ్వకానికి ముందే మీ ఇంటి గోడలు, పిల్లర్లు, ప్రహరీ తేదీతో సహా ఫొటోలు తీసి పెట్టుకోండి. పక్క ఇళ్లకు నష్టం జరిగితే చెల్లించే బీమా పాలసీ ఉందా అని అడగండి. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపమని అధికారులు ఏటా చెబుతుంటారు. ఆపకపోతే ఫొటో తీసి పంపండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నివాస ప్రాంతంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదన్నది 2000 నాటి నిబంధన. రాత్రి బండలు పగలగొడితే పోలీసులకు (112) ఫోన్ చేయండి.

భూ వినియోగ మార్పుకు మాత్రం పత్రికల్లో నోటీసు వేసి అభ్యంతరాలు అడుగుతారు. గడువు రోజుల్లోనే ఉంటుంది. ప్రతి కాలనీలో ఇద్దరు రోజూ పేపర్లలో ఆ నోటీసులు చూసే బాధ్యత తీసుకోండి. కనిపించగానే అందరికీ పంపండి. ఒక్క అభ్యంతరం పోతే ఫైలులో కాగితం, ఐదువందలు పోతే అధికారి బల్ల మీద కట్ట.

సోమవారం ప్రజావాణి. శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలో మన జిల్లా కలెక్టరేట్. కాలనీకి పదిమంది చొప్పున, ఆడవాళ్లు ముందు నడవగా, చేతిలో టేపు కొలతలు, ఫొటోలు, ట్యాంకరు బిల్లులు పట్టుకుని వెళ్దాం. అర్జీ ఇచ్చి రసీదు తీసుకుందాం. వచ్చే సోమవారం ఆ రసీదు నంబరుతో మళ్లీ వెళ్దాం. ఓటు అడగడానికి వచ్చే ప్రతి నాయకుణ్నీ, పార్టీ చూడకుండా, ఈ ఆరు డిమాండ్ల మీద సంతకం పెట్టమందాం.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మనం ఇన్నాళ్లూ అడగలేదు. లేఅవుట్ గేటు లోపల క్షేమంగా ఉన్నామనుకున్నాం. గేటు బయట రోడ్డు, దాని కింద పైపు, నేల కింద నీరు అందరిదీ ఒక్కటే. ఒక కాలనీ మునిగితే ఇంకో కాలనీ చూస్తూ కూర్చునే రోజులు పోవాలి. విల్లా వాళ్లు, 100 గజాల ఇంటివాళ్లు, అద్దెకుండేవాళ్లు, ఇప్పటికే ఫ్లాట్లలో ఉండి ట్యాంకర్ల బిల్లులు కడుతున్నవాళ్లు, అందరం ఒక్కటిగా కదలాలి.

రండి! కొలుద్దాం, అడుగుదాం, ఆపుదాం!

ముందు దారి! ముందు నీరు! ముందు కాలువ! ఆ తర్వాతే అంతస్తులు!

మా కాలనీ పక్కన కట్టే ముందు మా మాట వినాలి!

కొంపల్లి ఫీజు కొంపల్లికే ఖర్చు పెట్టాలి!

చెరువును మూయొద్దు, కాలనీని ముంచొద్దు!

ఇట్లు,
కొంపల్లి కాలనీల నివాసులు

చదివాక పారేయకండి. పక్కింటికి ఇవ్వండి.